మంచులోకి పోయిన చీటీలు

ఊదరకొండ అడవి నుంచి అవతలి లోయకు దారి ఒక్కటే, సన్నటి కనుమ. అది దాటాలంటే చావడిలో ముళ్లపందులు రాసిచ్చే దాటుచీటీ ఉండాలి. చీటీ కావలసినవాళ్లు చావడి ముందు తలా ఒక రాయి వరసలో పెట్టుకుంటారు. ఎవరి రాయి ముందుంటే వాళ్ల పేరు ముందు పిలుస్తారు.

ఆ ఏడు అడవికి దగ్గుజబ్బు పట్టుకుంది. పన్నెండు మంది రాతగాళ్లలో ముగ్గురు మిగిలారు. చచ్చినవాడి పీట మీద నలభై రోజులు ఎవరూ కూర్చోకూడదని అక్కడి ఆచారం. అందుకని తొమ్మిది పీటల మీదా పొగమంచే కూర్చునేది.

కుందేలు పోలమ్మ రాయి రెండువందల నలభయ్యోది, అన్నిటికంటే చివరిది. జబ్బు భయంతో కనుమ మూసినప్పుడు ఆమె పిల్లలు ముగ్గురూ అవతలి లోయలో చెల్లెలి దగ్గరుండిపోయారు. ఇప్పుడు ఆ చెల్లెలికీ దగ్గు మొదలైందని కబురు. పది రోజుల్లో వానలు దిగితే కనుమ వాగై పారుతుంది, చలికాలం దాకా దారి ఉండదు.

పోలమ్మ కాలిగోటితో నేల మీద గీతలు గీసింది. ఒక్కొక్కరు రోజుకు ఐదు చీటీలు, ముగ్గురు పదిహేను. లెక్క తేలేసరికి పదహారు రోజులు!

"అప్పలసామి మామా, కాస్త తొందరగా కానివ్వవా?"

ముసలి ముళ్లపంది తలెత్తలేదు. "పన్నెండు మంది పని ముగ్గురం ఈడుస్తున్నాం తల్లీ. జబ్బుపడ్డవాళ్ల పేర్ల చిట్టా చూసేవాడే లేడు. రాసి రాసి నా ముళ్లే మొండైపోయాయి." తర్వాత గొంతెత్తి పిలిచాడు. "దుప్పి వీరన్నా!"

అందరూ బిగుసుకుపోయారు. వీరన్న పోయి ఇరవై రోజులైంది.

"ఉన్నాను..." అంది ఒక గొంతు మంచులోంచి, దగ్గుతూ.

అప్పలసామి చీటీ రాసి, వీరన్న రాయి మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. అందరూ మూసుకున్నారు. తెరిచేసరికి చీటీ లేదు.

"పోయినవాళ్ల రాళ్లు తీసెయ్యకూడదా మామా?" పోలమ్మ గుసగుసగా అడిగింది.

"గట్టిగా అనకు! ముట్టుకుంటే జబ్బు. పిలవకపోతే ఇంటికే వస్తారు."

ఆ రోజు పదిహేను చీటీల్లో తొమ్మిది అలాగే మంచులోకి పోయాయి.

ఇంటిదారిలో నక్క జగ్గారావు ఎదురొచ్చాడు, ముక్కుకు మోదుగాకు కట్టుకుని.

"ఏం పోలమ్మత్తా, వానలదాకా ఇక్కడే కాపురమా? నీ రెండు వాకిళ్ల బొరియ నాకిచ్చెయ్. రేపే చీటీ నీ చేతిలో పెడతా."

"ఎవరి పేరున అల్లుడూ?"

"పేరుతో పనేముంది? కనుమ దగ్గర వాసన చూసి ఆనవాలు పట్టే పందికొక్కు పోయాడుగా. ఇప్పుడెవరి చీటీతో ఎవరైనా దాటొచ్చు."

"పొద్దున చెప్తాలే," అంది పోలమ్మ. చచ్చినవాళ్లకు చీటీలెందుకో ఆమెకు అప్పుడర్థమైంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఖాళీ పీట ఎక్కి కూర్చుంది. చావడంతా గొల్లుమంది.

"దిగు తల్లీ! ఆచారం!"

"ఆచారం తర్వాత మామా. నాకూ రాత వచ్చు. ఆ జబ్బు చిట్టా ఇలా ఇయ్యి. అది చూసేవాడు లేడన్నావుగా, నేను చూస్తా. నువ్వు పిలుస్తూ ఉండు."

అప్పలసామి పోయినవాళ్లలో ఒకడి పేరు పిలిచాడు. "నెమలి సూరీడూ!"

"ఉన్నాను..."

"సూరీడు చిట్టాలో ఉన్నాడు," పోలమ్మ అరిచింది. "పలికాడంటే బతికున్నాడు. బతికున్న రోగిని నలభై రోజులు గుహలో పెట్టాలని మీ నియమమేగా? ఎలుగు బాబాయ్, పట్టుకురా!"

బంట్రోతు ఎలుగుబంటి వెనక్కి జంకాడు. "దయ్యాన్నా?"

"దయ్యమైతే చేతికి దొరకదు. దొరికిందా, దయ్యం కాదు."

ఎలుగు కళ్లు మూసుకునే, గొంతు వినిపించిన పొదలో చెయ్యి పెట్టాడు. బొచ్చుతోక దొరికింది.

"నేను సూరీడ్ని కాదు బాబోయ్, జగ్గారావుని!"

"నెమలివైతే రోగివి, గుహకు పద," అంది పోలమ్మ. "నక్కవైతే ఇన్నాళ్లూ రోగుల రాళ్లన్నీ తడిమావు. అప్పుడూ గుహకే."

నక్కను ఈడ్చుకుపోయాక, అప్పలసామి అలవాటు కొద్దీ ఇంకో పేరు పిలిచాడు. అదీ పోయినవాడిదే.

ఎవరూ పలకలేదు.

ఆ నిశ్శబ్దానికి అందరూ గొంతు విన్నప్పటికంటే ఎక్కువ వణికారు. తమవాళ్లు నిజంగానే పోయారని వాళ్లకు అప్పుడు తెలిసింది. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు.

పోలమ్మ లేచి, చేతులకు మోదుగాకులు చుట్టుకుని మొదటి రాయి తనే ఎత్తింది. మంచుముద్దలా ఉంది. దాన్ని పక్కన పెట్టి రెండోది ఎత్తింది. కాసేపటికి మిగతావాళ్లూ ఆకులు చుట్టుకొచ్చి చెయ్యేశారు. రెండువందల పాతికలో నూట ముప్పై అయిదు రాళ్లు పక్కకు పోయాయి. మిగిలినవి తొంభై. రాసేవాళ్లు నలుగురు, రోజుకు ఇరవై.

ఐదోరోజు మధ్యాహ్నం అప్పలసామి పోలమ్మ పేరు పిలిచాడు. చీటీ అందుకుని ఆమె కనుమ వైపు పరుగుతీసింది.

గుహలోంచి జగ్గారావు అరిచాడు. "నన్నెప్పుడు వదులుతార్రా?"

"ముప్పై అయిదు రోజులు పోయాక," అన్నాడు కాపలా ఉన్న ఎలుగు. "అప్పుడు నీ విడుదల చీటీకి వరసలో రాయి పెట్టుకో. ఈమె వెళ్లిపోతోందిగా, రాసేవాళ్లు మళ్లీ ముగ్గురే."

వరస పొడుగు చూసి బెదిరిపోకుండా, అందులో బతికున్నవాళ్లెందరో లెక్కపెట్టినవాళ్లకే దారి దొరుకుతుంది.