పలకల వాడ ఇచ్చిన చందా

ఓబులయ్య స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్నతో వస్తే ముందు అన్నానికి కూర్చోబెట్టేవారు. తిన్నాక కూడా ఆ ప్రశ్న నిలిచి ఉంటేనే మాట్లాడేవారు. ఆ రోజు మఠానికి వచ్చిన రంగనాయకులు మజ్జిగ అన్నం దాకా వచ్చినా తన ప్రశ్న మరిచిపోలేదు. అతను కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, స్వామివారికి పదేళ్లుగా శిష్యుడు. ఆ ఏడు శాసనసభకు పోటీ చేసి ఓడిపోయాడు. జనం ఇచ్చిన చందాల్లో కొంత ఖర్చు కాకుండా ఉండిపోయింది.

“సొంతానికి పైసా ముట్టుకోను స్వామీ,” అన్నాడు చేయి కడుక్కుని. “పార్టీకి ఇస్తాను, లేదా మా పార్టీలోనే ఇంకొకరి ఎన్నికకు ఇస్తాను. ఇచ్చినవాళ్లు నన్ను నమ్మే ఇచ్చారు. ఎక్కడ వాడాలో నేను నిర్ణయించుకుంటే తప్పేమిటి?”

స్వామివారు తప్పని గాని, ఒప్పని గాని అనలేదు. తాను ఎరిగిన ఒక వకీలు సంగతి చెప్పారు.

ఆ వకీలు పేరు పురుషోత్తం. బడిపిల్లల పలకలు తయారయ్యే ఊళ్లో ప్రాక్టీసు చేసేవాడు. అక్కడి మిల్లుల్లో రాయి కోస్తుంటే లేచే పొడి కూలీల ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నలభై ఏళ్లయినా నిండకుండానే మగవాళ్లు మంచం పట్టేవారు. పురుషోత్తం ఫీజు తీసుకోకుండా వాళ్ల తరఫున నష్టపరిహారం కేసు నడిపాడు. ఒక్క వాయిదాకు కూడా వెళ్లకుండా ఉండలేదు. ఏళ్లు గడిచినా కేసు తేలలేదు. శాసనసభలో నిలదీసి అడిగేవాడు ఒకడుంటే తప్ప లాభం లేదని కూలీలే అతన్ని పోటీకి ఒప్పించారు. ఒక పార్టీ టికెట్ ఇచ్చింది.

కూలీలుండే పలకల వాడంతా చందాలు వేసుకుంది. పీరమ్మ అనే ఆవిడ భర్త చిన్నకాశిం అప్పటికే కూర్చుని నిద్రపోయే స్థితికి వచ్చాడు. పడుకుంటే ఊపిరాడదు. అతన్ని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలని దాచిన డబ్బు ఆమె తెచ్చి పురుషోత్తం చేతిలో పెట్టబోయింది. అతను వద్దన్నాడు.

“తీసుకోండి సారూ,” అన్నాడు గోడకానుకుని కూర్చున్న కాశిం, రెండు మాటల మధ్య ఊపిరి కూడదీసుకుంటూ. “ఆసుపత్రికైతే నా ఒక్కడికే. మీరు గెలిస్తే అందరికీ.”

పురుషోత్తం గెలిచాడు. ఖర్చు అనుకున్నంత కాలేదు. మిగిలినదానితో వాడలో ఊపిరి అందించే యంత్రాలు కొనిపెట్టాలనుకున్నాడు. మనస్ఫూర్తిగానే అనుకున్నాడు. ఎలాంటివి కొనాలో డాక్టరును అడిగి తెలుసుకున్నాడు కూడా. ఈలోగా పక్క నియోజకవర్గంలో ఉప ఎన్నిక వచ్చింది. పార్టీ జిల్లా అధ్యక్షుడు అతన్ని పిలిపించాడు.

“మీ దగ్గర ఉన్నది మన అభ్యర్థికి సర్దండి. మీ ఇంట్లో పెట్టుకోమనడం లేదు గదా, పార్టీకే గదా!”

ఆ అభ్యర్థి మాలకొండయ్య. ఊళ్లోని పలకల మిల్లుల్లో పెద్దది ఆయనదే. కూలీల కేసులో మొదటి ప్రతివాది ఆయనే.

పురుషోత్తం రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. ఇవ్వకపోతే పార్టీలో తన మాట చెల్లదు, మాట చెల్లకపోతే కూలీలకు ఏమీ చేయలేనని తనకు తానే నచ్చజెప్పుకుని, మూడో రోజు పంపించాడు. మాలకొండయ్య గెలిచాడు. ఊరేగింపు పలకల వాడ మీదుగానే వెళ్లింది. “మీ చందాలతోనేరా మా అయ్య గెలిచింది,” అని మిల్లు మేస్త్రీ కూలీలతో నవ్వుతూ అన్నాడు.

మరో నెలకు పీరమ్మ పురుషోత్తం ఆఫీసుకు వచ్చింది. కాశిం పోయి అప్పటికి పదకొండు రోజులు. మేస్త్రీ మాట నిజమేనా అని అడిగింది. అతను అబద్ధమాడలేదు. తల వంచుకుని, నిజమేనన్నాడు.

ఆమె కేకలు వేయలేదు. “రాళ్లు ఆయనకే కోసి ఇచ్చాం సారూ. మా ఇంటాయన ఊపిరీ ఆయన మిల్లులోనే పోయింది. ఇక మా చేతిలో ఉన్నది ఇదొక్కటేనని మీకిచ్చాం. అదీ ఆయనకే చేర్చారా?”

పురుషోత్తం సొరుగు లాగి తన సొంత డబ్బు తీశాడు. ఆమె అటు చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

తరువాతి వాయిదాకు పీరమ్మ సాక్ష్యం చెప్పవలసి ఉంది. రాలేదు. ఆ పై వాయిదాకు మరో ఇద్దరు రాలేదు. పురుషోత్తం ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, అతను చెప్పిందంతా విన్నారు. కోర్టుకు మాత్రం ఒక్కరూ వెళ్లలేదు. సాక్షులు లేరని కేసు కొట్టేశారు. మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు వాడలో వాళ్లు ఏ పార్టీ ఇచ్చినా ఓటుకింతని పుచ్చుకున్నారు. ఎవరినీ ఏమీ అడగలేదు. కాశిం రాయి కోసిన మిషను దగ్గర ఇప్పుడు అతని తమ్ముడు నిలబడుతున్నాడు. అతనికీ దగ్గు మొదలైంది.

స్వామివారు అంతటితో ఆపారు. రంగనాయకులు నెమ్మదిగా, “అతను చెడ్డవాడు కాడు గదా స్వామీ?” అన్నాడు.

“కాడు,” అన్నారు స్వామివారు. “చెడ్డవాడైనా బాగుండేది. వాళ్లకు చెడ్డవాళ్లు అలవాటే.”