నాన్న వేలి గుర్తు

అనగనగా ఒక ఊరుంది కన్నా. మన ఊరిలా చదునైన నేల మీద కాదు, కొండ మీద ఉంది. సముద్రపొడ్డు నుంచి పైడమ్మ అనే పిల్ల ఆ ఊరికి కోడలిగా వచ్చింది. వాళ్ళ నాన్న కుండలు చేసేవాడు. పెళ్ళికి మూడు కుండలు సారె పెట్టాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే జ్వరమొచ్చి పోయాడు పాపం. ఆ పిల్లకి నాన్నవంటూ మిగిలినవి ఆ కుండలే.

ఆ ఊళ్ళో దారిన పోయేవాళ్ళ కోసం అరుగు మీద నీళ్ళకుండ పెట్టడం ఆనవాయితీ. పైడమ్మ పుట్టింట్లో వెలితి కుండ అశుభమనేవాళ్ళు. అందుకని రోజూ సాయంత్రం అంచుదాకా నింపి మూత పెట్టేది.

ఆ ఏడు చలి అంతా ఇంతా కాదు. ముసలివాళ్ళు కూడా అంత చలి ఎరగరు. ఒకరోజు ఎండెక్కాక చూస్తే మొదటి కుండ పగిలి ఉంది, అరుగంతా తడి. పిల్లి పడేసిందేమో అనుకుంది.

అప్పుడు రెండో కుండ పెట్టి, చుట్టూ ముళ్ళకంప వేసింది. మర్నాడు పెందలాడే లేచి చూస్తే అదీ పగిలింది. ఈ పిల్ల అడుగుపెట్టిన వేళ మంచిది కాదని అత్త చిలకమ్మ గొణిగింది.

పైడమ్మ ఏడుస్తూనే పెంకులు ఏరబోయింది. చేతికి రాయిలా ఏదో తగిలింది. నీళ్ళన్నీ గడ్డకట్టి, కుండ పగిలిపోయినా కుండలాగే కూచున్నాయి. అంచుకి సమంగా పోసిన నీళ్ళు మూతని ఎత్తేసి పైకి ఉబికి ఉన్నాయి. ఎవరూ చుక్క పోసింది లేదు.

నీళ్ళు గడ్డకడితే ఇంకాస్త చోటు కావాలని, చోటు లేకపోతే కుండనే చీలుస్తాయని ఆ పిల్లకి అప్పుడు తెలిసింది.

ఇక ఒకటే కుండ. దాన్ని దాచేసుకోవాలనిపించింది. అనిపించదూ మరి? కానీ ఈ ఇంటి అరుగు మీద నీళ్ళు లేని రోజు లేదంది అత్త. అప్పుడు పైడమ్మ కుండని ఒళ్ళో పెట్టుకుని లోపలంతా తడిమింది. మెడకి బెత్తెడు కింద, నాన్న బొటనవేలు నొక్కిన గుంట తగిలింది. ప్రతి కుండకీ ఆయన పెట్టే గుర్తది. అందులో తన వేలు పెట్టింది. నీళ్ళు అంతవరకే పోసింది.

కుండ వెలితిగా పెడుతున్నావేమని అత్త అడిగింది.

"నాన్న వేలి దాకా చాలు అత్తా. మిగతా చోటు చలికి."

తెల్లవారి మూత తీసింది. మంచుగడ్డ ఆ గుర్తు దాటి పైకొచ్చి, మెడ కిందే ఆగిపోయింది. కుండ చెక్కు చెదరలేదు. పైడమ్మ దాన్ని కావిలించుకుని, నాన్న పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. చిలకమ్మ కోడలి పక్కన కుంపటి తెచ్చి పెట్టింది.

ఆ సాయంత్రం నీళ్ళు చిలకమ్మే మోసుకొచ్చింది. కుండలోకి చెయ్యి పెట్టి తడుముతూ, మెల్లిగా అడిగింది.

"మీ నాన్న వేలు ఎక్కడుందే, నాకూ చూపించు."

కథేమో కంచికి చేరింది,
కుండేమో కుదురెక్కి కూచుంది,
మనకేమో ఇల్లు వచ్చింది,
కన్నకి నిద్ర ముంచుకొచ్చింది.