జడల సాక్ష్యం

తన భార్య జడ మోకాళ్లు దాటుతుందని కనబడ్డవాళ్లకల్లా చెప్పుకునే పేష్కారు ఒకడు ఒక కోటలో ఉండేవాడు. సవరాలు అల్లి అమ్మే గురవమ్మ కోటవీధిలో ఇల్లు బేరమాడి, బయానా సొమ్ము మూటతో, దస్తావేజు మీద ముద్ర కోసం అతని కచేరీకి వెళ్లింది.

"వెంట్రుకలు అమ్ముకునేదానికి ఇంత సొమ్మెక్కడిది? రుజువు చూపించు. లేదంటే ఈ మూట ఖజానాకు పోతుంది," అన్నాడు పేష్కారు, జనమంతా వింటుండగా.

ఇరవై ఏళ్ల కష్టం ఆ మూటలో ఉంది. గురవమ్మ తొణకలేదు.

"చూపిస్తాను బాబయ్యా. నా సరుకంతా ఈ ఊరి పెద్దిళ్ల జడల్లోనే ఉంది. అమ్మగార్లను ఇక్కడికి పిలిపించండి, ఒక్కొక్క జడా విప్పి సవరం తీసి చూపిస్తాను. ముందు మీ ఇంటికే కబురు పంపండి."

పేష్కారు దస్తావేజు తన ముందుకు లాక్కున్నాడు. దాని మీద "రుజువులన్నీ స్వయంగా చూశాను" అని రాసి, ముద్ర వేశాడు.