మట్టిని మింగే మాంత్రికుడు

అనగనగా తెల్లరాతి సీమకు ఒక రాజు. ఆ సీమ నిండా సున్నపురాళ్ళే. రాళ్ళ నిండా చీలికలు, చీలికల కింద గుహలు. వాన కురిసిందంటే చాలు, నీళ్ళతోపాటు మట్టి కూడా గుటుక్కున కిందికి జారిపోయేది. మట్టి లేక మొక్క లేదు, మొక్క లేక మెతుకు లేదు. "ఈ ఏడూ పంట రాకపోతే ఊళ్ళు వదిలిపోదాం" అని జనం మూటలు కట్టుకున్నారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బండ్లకొద్దీ మట్టి తెచ్చి పోయించాడు. ఒక్క వానకే స్వాహా! రెండోవాడు చీలికలన్నీ బండలతో మూయించాడు. మట్టి పక్క చీలిక వెతుక్కుంది. ఇద్దరూ మొహాలు వేలాడేసుకుని వచ్చారు. మూడోవాడు కువలయుడు మాత్రం, "పోయిన మట్టి ఎక్కడికి పోతోందో చూసొస్తాను నాన్నగారూ" అని చీలికలోకి దిగాడు.

లోపల ఒక ఏదుపంది ఎదురైంది. "ఏడు సముద్రాలు దాటినవాళ్ళ గురించి విన్నాను గానీ, ఏడు గుహలు దాటేవాణ్ణి నిన్నే చూస్తున్నా. నా వెనకే రా. ముళ్ళు గుచ్చుకుంటే నన్ననకు!" అంది.

ఏడో గుహలో కొండంత మట్టి. దానిమీద పడుకుని గురక పెడుతున్నాడు బిలకంఠుడనే మాంత్రికుడు. పక్కన పంజరంలో చిలక. చిలక ఆలనాపాలనా చూడడానికి వాడు ఎత్తుకొచ్చిన రాకుమారి పద్మగంధి కువలయుడి చెవిలో చెప్పింది. "వీడి ప్రాణం ఈ చిలకలో ఉంది. మట్టంతా పోగేశాడు, కానీ ఈ చీకట్లో గడ్డిపరకైనా మొలవదు. పళ్ళు లేక చిలక చిక్కిపోయింది, దాంతోపాటు వీడూ నీరసించిపోతున్నాడు. అయినా పిసినారి పిడికెడు మట్టి వదలడు."

కువలయుడు చిలకను చేతిలోకి తీసుకున్నాడు. మాంత్రికుడు ఉలిక్కిపడి లేచి కాళ్ళమీద పడ్డాడు.

"బాబ్బాబు, దాని పీక నులమకు!"

"నులమనులే. తట్ట అందుకో. మింగిన మట్టంతా పైకి మొయ్యి!"

మాంత్రికుడు మూలుగుతూ మోశాడు, ప్రతి చీలికలో దోసెడు పోశాడు. కువలయుడు చిలక కాలికి పొడవాటి దారం కట్టి, పొరుగు అడవి నుంచి జువ్విపళ్ళు తెప్పించి తినిపించాడు. అది తిని, రాళ్ళమీద ఎగిరి, రెట్టలు వేసింది. నవ్వకండి! ఆ రెట్టల్లోంచే జువ్విమొక్కలు మొలిచాయి. పళ్ళు కాస్తేనే చిలకకు తిండి, చిలక తింటేనే తనకు ప్రాణం. అందుకని మాంత్రికుడు వచ్చిన మంత్రాలన్నీ చదివి వాటిని గబగబా పెంచాడు. వేళ్ళు రాయిని ఒరుసుకుంటూ దిగి మట్టిని గట్టిగా పట్టుకున్నాయి. రాలిన ఆకులు కుళ్ళి కొత్త మట్టి అయ్యాయి. జడివాన కురిసినా మట్టి కదల్లేదు. చెట్ల మధ్య జొన్నా కొర్రా పండాయి. జనం మూటలు విప్పేశారు.

కువలయుడికీ పద్మగంధికీ పెళ్ళి జరిగింది. ఆ పందిట్లోనే పద్మగంధి చిలక కాలి దారం విప్పేసింది. అది రివ్వున చెట్లలోకి ఎగిరిపోయింది.

"అయ్యో! ఇక మాంత్రికుడు పారిపోడూ?" అన్నాడు రాజు.

"ఎక్కడికి పోతాను మహారాజా? నా ప్రాణం ఆ కొమ్మల్లోనే తిరుగుతోంది. హేయ్, హేయ్!" అంటూ బిలకంఠుడు కర్ర పుచ్చుకుని, జువ్విచిగుళ్ళకు మెడ చాచిన మేకల వెంట పరుగెత్తాడు.

కువలయుడూ పద్మగంధీ పిల్లాపాపలతో చాలాకాలం ఏలారు. మాంత్రికుడు మేకల్ని తరుముకుంటూ అంతకంటే ఎక్కువకాలం బతికాడు.