నిండు కాగు, వెలితి కాగు

నేరేడు పళ్ళ కాలం ముగిసేసరికి కొండ మీది గుహలో ఎలుగుబంటి రెండు మట్టి కాగుల నిండా వైన్ పెట్టింది. పొంగు చల్లారింది. ఇక మడ్డి అడుగుకు దిగి, తేట పైన నిలిస్తే సీసాల్లోకి ఎత్తడమే. బిరడాల మీద పూయడానికి మైనం కావాలి. అందుకు తేనెపట్లు వెతుక్కుంటూ పోవాలి.

గుహలో చెరో మూల తలదాచుకుంటున్న నక్కనూ, ముళ్ళపందినీ పిలిచింది.

"చెరో కాగుకు కాపలా ఉండండి. కదిపితే మడ్డి లేస్తుంది, కదపకండి. రెండూ మూతిదాకా నింపాను. కాపలా కాసినవాళ్ళకు ఒక సీసా. తాగినవాళ్ళు మాత్రం ఈ వానల్లోనే గుహ ఖాళీ చెయ్యాలి."

"అంత మాటెందుకు పెద్దమ్మా, నేను వాసన కూడా చూడను," అంది నక్క.

మూడోరోజుకే అది బొప్పాయి ఆకు కాడ తెచ్చి కాగులో దించి పీల్చింది. వెలితి కనబడకుండా, పీల్చినప్పుడల్లా ఏటి గులకరాళ్ళు మెల్లగా లోపలికి జారవిడిచింది. రాళ్ళను కడిగే వేసింది. నక్కకు శుభ్రత ఎక్కువ.

ముళ్ళపంది చుక్క ముట్టలేదు. అయినా దాని కాగు వేలెడు దిగింది. ముగ్గురు పిల్లలతో ఈ వానల్లో ఎక్కడికి పోవాలోనని దానికి భయం పట్టుకుంది.

నెల తిరిగాక ఎలుగుబంటి మైనంతో వచ్చింది. నక్క ఎదురెళ్ళింది.

"నా కాగు పెట్టింది పెట్టినట్టుంది, చూడు పెద్దమ్మా. ముళ్ళపంది వదినది కూడా చూడు. నేను చెప్పకూడదు గానీ, చలికి ఓ గుక్క వేసుకుందేమో."

"నేను తాగలేదు పెద్దమ్మా," అంది ముళ్ళపంది. "ఎలా తగ్గిందో నాకు తెలీదు. పొమ్మంటే పిల్లల్ని తీసుకుని పోతాను."

ఎలుగుబంటి రెండు కాగుల్లోకీ తొంగిచూసింది.

"నువ్వెక్కడికీ పోవద్దు. మట్టి కాగు తన వంతు తను పీల్చుకుంటుంది. ఇన్నేళ్ళలో నెలకు వేలెడు దిగని కాగును నేను చూడలేదు. ఏం అబ్బాయ్, నీదెందుకు దిగలేదు?"

"నేను గట్టిగా కాపలా కాశాను కదా."

"సరే, సీసాల్లోకి ఎత్తుదాం," అంటూ ఎలుగుబంటి వెదురు గొట్టం తీసింది.

ముళ్ళపంది కాగుతో పదకొండు సీసాలు నిండాయి. నక్క కాగుతో నాలుగు నిండేసరికి గొట్టం రాళ్ళకు గీసుకుంది.

ఎలుగుబంటి బిరడాలు బిగించి, మైనం పూసి, సీసాలను చీకటి మూలన పడుకోబెట్టింది. ఒకటి మాత్రం ముళ్ళపందికిచ్చి, ఏడాది ఆగి తెరవమంది.

"మరి నా వంతు?" అంది నక్క, అలవాటు కొద్దీ.

"కాగు అడుగున ఉంది. మూటగట్టుకుని బయల్దేరు."

బయట వాన పడుతూనే ఉంది.

నీతి: నిజంలో ఎప్పుడూ కాస్త వెలితి ఉంటుంది; అది కూడా లేకుండా నింపి చూపించేవాడినే ముందు అనుమానించాలి.