తాతబ్బాయి మగ్గం ఆపిన వేళ

ఉప్పాడలో తాతబ్బాయి అనే నేతగాడు ఉండేవాడు; అతని పనితనానికి వంక పెట్టలేం గానీ, చేతిలో ఫోన్ మాత్రం వదిలేవాడు కాదు.

జమ్దానీ చీర ఒక్కరు నేసేది కాదు. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పోగులు లెక్కపెట్టుకుంటూ చెరోవైపు పువ్వుల దారాలు చేత్తో దూర్చాలి. ఇద్దరిదీ అయ్యాకే అడ్డపోగు నేసే నాడె విసరాలి. తాతబ్బాయి పక్కన అతని భార్య మంగతాయారు కూర్చునేది. తన వైపు పువ్వులు ముగించి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసేది. మన మహానుభావుడు ముక్కూమొహం తెలియనివాళ్ల వీడియోలకి లైకులు కొడుతూ ఉండేవాడు.

"ఏమండీ, మీవైపు ఇంకా కాలేదు," అనేది.

"ఒక్క నిమిషం తాయారూ," అనేవాడు. ఆ నిమిషం ఎంత పొడవో ఆమెకే తెలియాలి.

వాళ్లకి ఆరేళ్ల కూతురు, జోషిత. బడి నుంచి రాగానే నాన్న దగ్గరికి పరుగెత్తేది. "ఉండు తల్లీ," అనేవాడు తల ఎత్తకుండా. కొన్నాళ్లకి పిల్ల రావడం మానేసింది. బుద్ధిమంతురాలైందని అతను మురిసిపోయాడు కూడా.

ఒకరోజు జోషితకి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. చెవిలోంచి చీము కారుతోంది. ఇద్దరూ హడలిపోయి ఆస్పత్రికి తీసుకెళ్లారు.

"ఎన్నాళ్ల నుంచి నొప్పి?" అంది డాక్టరమ్మ. భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు.

"ఐదు రోజుల నుంచి," అంది జోషిత.

"మరి ఇంట్లో చెప్పలేదేం బంగారం?"

"అమ్మ లెక్కపెడుతుంటే మాట్లాడకూడదు. నాన్నేమో ఫోన్ చూసుకుంటాడు. అందుకే దిండుకి చెప్పాను."

ఇంకా ఆలస్యమైతే వినికిడి పోయేదని డాక్టరమ్మ మందలించి, మందులిచ్చింది.

బయటికి వచ్చాక తాతబ్బాయి బల్ల మీద కూలబడ్డాడు. "తాయారూ, చిన్నప్పుడు నాదీ ఇదే బతుకు. నోరు తెరిస్తే చాలు, 'లెక్క తప్పుతుందిరా, అవతలికి పో' అనేవాళ్లు అమ్మానాన్నా. ఈ ఫోన్ ఒక్కటే నన్ను ఎప్పుడూ పొమ్మనలేదు," అని ఏడ్చేశాడు.

తాయారు అతని భుజం మీద చెయ్యి వేసింది. "వాళ్లని మాత్రం ఏమంటాం? పూట గడవాలిగా. మన పిల్లకి అలా జరగనివ్వద్దు."

మర్నాడు అతను ఫోన్‌ని బియ్యం డబ్బాలో పడేశాడు. గంట తిరక్కుండా తనే తీశాడు. ఏళ్ల నాటి అలవాటు ఒక్కపూటలో పోతుందా?

"దాచితే లాభం లేదండీ," అంది తాయారు. "మీకు కావలసింది మనుషులు. పిల్ల బడి నుంచి రాగానే మగ్గం ఆపేద్దాం. ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం."

మొదటిరోజు జోషిత నమ్మలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"రా తల్లీ, ఏం జరిగిందో చెప్పు," అన్నాడు తాతబ్బాయి.

బడిలో పక్క పిల్ల పెన్సిల్ కొరికిన కథ దీపాలు పెట్టేదాకా సాగింది. అతని చెయ్యి రెండుసార్లు జేబు వైపు వెళ్లింది, రెండుసార్లూ వెనక్కి వచ్చింది. ఆ చీర వారం ఆలస్యమైంది. చీర నేయమని పురమాయించిన షావుకారు గొణిగాడు. గొణిగితే గొణిగాడు. జోషిత మాత్రం అప్పటినుంచి ఏ కష్టమొచ్చినా ముందు నాన్నకే చెప్పేది.

చిన్నప్పుడు ఇంట్లో పలకరింపు దొరకని మనిషి పెద్దయ్యాక దాన్ని ఫోన్‌లో వెతుక్కుంటాడు; కనుక చేతిలో పని ఆపి అయినా సరే, పిల్లల మాట వినాలి.