ఈరన్న కాలికి బిగించిన చట్రం

ప్రశ్న అడిగిన శిష్యుణ్ణి జవాబు చెప్పకుండా వార్డుకు నడిపించడం రామభద్రయ్య గారి అలవాటు. ఎముకల వైద్యం నేర్పడంలో ఆయనంతటివాడు ఆ జిల్లాలో లేడని పేరు. ఆయన దగ్గర చదివినవాళ్లలో ఆయన్ని ఒక్కసారైనా తిట్టుకోనివాళ్లు కూడా లేరు. మిగతావాళ్లు మనసులో తిట్టుకున్నారు. హైమవతి మాత్రం పైకే తిట్టినంత పని చేసింది.

ఆమె బాధంతా ఈరన్న గురించి. గొర్రెలు కాచుకునే మనిషి. లారీ తగిలి మోకాలి కింద ఎముక విరిగింది. హైమవతి తన చేతులతో ఆపరేషన్ చేసి, కాలి చుట్టూ ఉక్కు కడ్డీల చట్రం అమర్చి, వెంట్రుకవాసి కదలిక లేకుండా నట్లు బిగించింది. కాలు కింద మోపితే ఊరుకోనని గట్టిగా చెప్పింది. మంచి తిండి పెట్టించింది, మాత్రలు మింగించింది. చివరికి ఎముకను పుట్టించే కణాలను రప్పించే మందు కూడా పైవాళ్లతో పోట్లాడి తెప్పించి విరిగినచోట పెట్టింది. నెలలు గడిచాయి. ఎక్స్‌రేలో ఆ సందు నల్లగా అలాగే ఉంది. ఇక అతక్కపోతే మళ్లీ కొయ్యాలి, ఈసారి కాలు పొట్టిదవుతుంది. పొట్టికాలితో మంద వెంట తిరగలేనని ఈరన్న అప్పుడే సగం గొర్రెలు అమ్మేశాడు.

ఆ సంగతి తెలిసిన రోజున ఆమె గురువుగారి గదిలోకి దూసుకువెళ్లింది.

"మూలుగలో పుట్టిన కణం ఎముకైనా కావచ్చు, మృదులాస్థి అయినా కావచ్చు, కొవ్వైనా కావచ్చు. ఎముకవు కమ్మని చెప్పే మందు ఇచ్చాను సార్. దానికి ఇంకేం చెప్పాలి?"

రామభద్రయ్య గారు లేచి, సొరుగులోంచి చిన్న పానా తీసుకుని ఈరన్న మంచం దగ్గరికి నడిచారు. గోడకు వేలాడుతున్న ఎక్స్‌రేను ఒకసారి చూశారు. తరవాత వంగి, హైమవతి అంత శ్రద్ధగా బిగించిన నట్లను ఒక్కొక్కటే వదులు చెయ్యసాగారు. విరిగిన ముక్కలు పక్కకు జారవు గానీ, బరువు పడితే ఒకదాన్నొకటి కాస్త ఒత్తుకుంటాయి. అంతవరకే వదిలారు.

హైమవతికి ఒళ్లు మండిపోయింది. నర్సుల ముందు, పేషెంటు ముందు, ఆమె చేసిన పనిని ఆమె కళ్లెదుటే విప్పడమేమిటి? ఒక్క మాట చెప్పి చెయ్యకూడదా? పెద్దరికం ఉంటే చాలు, మర్యాద అక్కర్లేదా? ఆమె ఇంకా నోరు పెగల్చుకోకముందే ఆయన అంతకన్నా ఘోరమైన మాట అన్నారు.

"లేచి నిలబడు ఈరన్నా. ఆ కాలి మీదే."

ఈరన్న బిక్కచచ్చిపోయి హైమవతి వంక చూశాడు. "కాలు కింద పెట్టొద్దని మేడమ్ చెప్పినారు సార్. మళ్లా ఇరిగితే ఎట్ల?"

"సార్, ఈయన నా పేషెంటు," అంది హైమవతి.

"నీ పేషెంటే. అందుకే నువ్వు పట్టుకో," అని ఆయన పక్కకు తప్పుకున్నారు.

పళ్లు కొరుకుతూనే ఆమె ఈరన్న చంక కింద చెయ్యి వేసింది. ఆ రోజు అతను నిలబడ్డాడు. తరవాత రోజూ కొంచెం కొంచెంగా ఆ కాలి మీద బరువు మోపుతూ వరండాలో నడిచాడు. పక్కన నడిచినంతసేపూ ఆమె గురువుగారిని తిట్టుకుంటూనే ఉంది. ఈ కాలికి ఏమైనా అయితే ఆయనని నలుగురిలో నిలదీయాలని మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

ఆ మాటలతో పని పడలేదు. కొత్త ఎక్స్‌రేలో నల్లటి సందు చుట్టూ తెల్లగా పొగమంచులాంటిది కమ్ముకుని ఉంది. కొత్త ఎముక. హైమవతి దాన్ని తీసుకెళ్లి గురువుగారి బల్ల మీద పెట్టింది. సంతోషం కలిగిన మాట నిజమే, కానీ కోపం అంతకు రెట్టింపయింది.

"ఇది మీకు తెలుసు కదా సార్. ఆ మనిషి గొర్రెలు అమ్ముకునేదాకా ఎందుకు చూస్తూ ఊరుకున్నారు?"

రామభద్రయ్య గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వారం వారం నీ చట్రాన్ని చూశాను. నా శిష్యురాలు ఎంత బాగా బిగించిందో అని మురిసిపోయాను. తప్పే."

ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుంది. కిటికీలోంచి వరండా కనబడుతోంది. అక్కడ ఈరన్న గోడ మీది చెయ్యి తీసేసి, ఎవరి ఆసరా లేకుండా ఒంటరిగా అడుగు వేశాడు. ఒక పక్కకు తూలాడు. పట్టుకుందామని హైమవతి గబుక్కున లేచింది.

"నువ్వు మందు పెట్టి కణాలను పిలిచావు, అవి వచ్చాయి. ఎముక కావాలంటే వాటి మీద బరువు పడాలి," అన్నారు గురువుగారు. "కూర్చోమ్మా. మొయ్యనీ."